గోడ మీద నల్లమచ్చలు: ఆ నీళ్లు ఏసీవా, గోడవా, గాలివా?

జులైలో ముసురు పట్టిందంటే చాలు, హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో పాత డాబా, కొత్త అపార్ట్‌మెంట్ అన్న తేడా లేకుండా ఒకే గొడవ మొదలవుతుంది. ఏసీ కింద గోడ ఉబ్బుతుంది, బీరువా వెనక నల్లటి చుక్కలు తేలుతాయి, అల్మారా తెరిస్తే ముక్కిపోయిన వాసన వస్తుంది. మెకానిక్‌ని పిలిస్తే "ఏసీలో ఏం లేదు సార్, గోడకే నెమ్ము ఉంది" అంటాడు. పెయింటర్ వచ్చి లప్పం గీకి చూసి "ఇవి ఏసీ నీళ్లే" అంటాడు. ఇంటి ఓనర్ "మీరు కిటికీలు తీయరమ్మా, అందుకే బూజు" అంటాడు. విచిత్రం ఏమిటంటే ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు, ఎందుకంటే నీళ్లు మూడు దారుల్లో వస్తాయి, మచ్చ మాత్రం పైపైన చూస్తే మూడింటికీ ఒకేలా కనిపిస్తుంది. ఏ దారో తేల్చకుండా రంగు వేయిస్తే ఆ డబ్బు గోడకు పూసి పారేసినట్టే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మచ్చ గురించి కాకుండా నీళ్ల గురించే ఉంటుంది.

బూజుకు ఏం కావాలి

బూజు ఒక శిలీంధ్రం, అంటే ఫంగస్. దాని విత్తనాల్లాంటి కణాలు (స్పోర్లు అంటారు) గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మీ ఇంట్లో, మా ఇంట్లో, ఆస్పత్రిలో, పొలంలో, అన్నిచోట్లా. వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. అవి మొలవడానికి తిండి, వెచ్చదనం, తడి కావాలి. తిండికి మన ఇళ్లలో కొదవ లేదు: రంగులోని జిగురు, చెక్క, కాగితం, తోలు చెప్పులు, ఆఖరికి గోడ మీద పేరుకున్న దుమ్ము కూడా పనికొస్తుంది. వెచ్చదనం సంగతి చెప్పక్కర్లేదు, మనకు హాయిగా ఉండే 20 నుంచి 30 డిగ్రీలే దానికీ హాయి. మిగిలింది తడి ఒక్కటే, మన చేతిలో ఉన్నదీ అదొక్కటే.

తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే సాధారణంగా బూజు పట్టదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఇంటి గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలని, వీలైతే 30 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవాలని కూడా అదే సంస్థ సూచన. వానాకాలంలో వరంగల్‌లో 50 శాతం అంటే పెద్ద కోరికే, 60 దాటకుండా చూసుకోగలిగినా చాలా మెరుగు.

తేమ శాతం: పత్తి శాతం వేరు, గాలి శాతం వేరు

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలిన రైతుకు తేమ శాతం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, 12 దాటితే సీసీఐ (కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ) కొనదు. అయితే పత్తిలో శాతం అంటే బరువులో నీళ్ల వాటా. గాలిలో శాతం అలాంటిది కాదు, ఆ వేడిలో గాలి మోయగలిగిన గరిష్ఠ నీటిలో ఇప్పుడు ఎంత మోస్తోంది అన్న లెక్క. గాలి వేడెక్కితే మోసే శక్తి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుబడితే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

లెక్క చూద్దాం. మే నెల మధ్యాహ్నం, బయట 43 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 12 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. జులైలో ముసురు రోజు, 28 డిగ్రీలు, తేమ 85 శాతం. అదే ఘనమీటరులో ఇప్పుడు 23 గ్రాములు. అంటే చల్లగా అనిపించే జులై గాలి, మాడ్చేసే మే గాలి కన్నా దాదాపు రెట్టింపు నీళ్లు మోస్తోంది. ఎండాకాలం మనింట్లో బూజు ఎందుకు పట్టదో, కూలర్ మేలో ఎందుకు అంత సుఖాన్నిస్తుందో, అదే కూలర్‌ను జులైలో తిప్పితే పక్కబట్టలు ఎందుకు చెమ్మగిల్లుతాయో అంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది. మేలో గాలికి ఇంకా నీళ్లు తాగే చోటుంది, కూలర్ నీళ్లు ఆవిరై చల్లదనం ఇస్తుంది. జులైలో ఆ చోటు లేదు, కూలర్ ఆ తడిని గదిలోకి ఎక్కిస్తూ పోతుంది. ఏసీ కొన్నాక కూడా చాలామంది హాల్లో కూలర్ నడుపుతారు. పడకగదిలో బూజుకు కారణం ఏసీ అనుకుంటారు గానీ, హాల్లో కూలర్ వదిలిన తేమ తలుపు సందు నుంచి వచ్చి చల్లటి గోడ మీద కూర్చున్న ఇళ్లు కూడా ఉంటాయి.

ఇప్పుడు రెండో మెట్టు. ఆ 23 గ్రాములు మోస్తున్న గాలిని క్రమంగా చల్లబరిస్తే దాదాపు 25 డిగ్రీల దగ్గర అది ఇక మోయలేక నీళ్లు వదిలేస్తుంది. దీన్ని మంచు బిందు ఉష్ణోగ్రత అంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టేది ఇందుకే. ఏసీ గదిలో గోడ 24 డిగ్రీల దగ్గర ఉండి, బయటి ముసురు గాలి దాన్ని తాకితే ఆ గోడకూ చెమట పడుతుంది. కళ్లకు చుక్కలుగా కనపడకపోవచ్చు, లప్పం, సున్నం ఆ తడిని పీల్చేసుకుంటాయి.

ఇంకో చిక్కు ఉంది. బూజుకు చెమట బొట్లు కూడా అవసరం లేదు, గోడను ఆనుకుని ఉన్న పలుచటి గాలిపొరలో తేమ 80 శాతం దగ్గర చాలా రోజులు నిలిస్తే చాలు. గది మధ్యలో మీటరు పెట్టారు, 28 డిగ్రీలు, 60 శాతం చూపించింది, బాగుందనుకున్నారు. కానీ బీరువా వెనక, పక్క ఫ్లాట్ వాళ్ల ఏసీ గది ఉన్న గోడ 23 డిగ్రీలే ఉంది. అదే గాలి ఆ గోడ దగ్గర చల్లబడేసరికి దాని తేమ దాదాపు 80 శాతం అవుతుంది. గదిలో నీళ్లు ఒక్క గ్రాము పెరగలేదు, అయినా బీరువా వెనక బూజుకు సరిపడా తడి తయారైంది. గాలి ఆడని మూల, చల్లటి గోడ, ఈ రెండూ కలిసిన చోటే ముందు మచ్చలు రావడానికి కారణం ఇదే. మీ ఇంట్లో ఏసీ లేకపోయినా పొరుగువాళ్ల ఏసీ మీ గోడకు బూజు తేవచ్చన్న మాట, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఏసీ నీళ్లు ఎక్కడ దారి తప్పుతాయి

ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు గాలిలోని నీళ్లను కూడా పిండుతుంది. లోపలి యూనిట్‌లో చల్లటి కాయిల్ ఉంటుంది, గాలి దాన్ని తాకి నీళ్లు వదులుతుంది, అవి కింద ట్రేలోకి, ట్రే నుంచి డ్రెయిన్ పైపులోకి, పైపు నుంచి బయటకి వెళ్లాలి. ఉక్కపోతగా ఉన్న రోజు 1.5 టన్నుల ఏసీ పూర్తి బలంతో నడిస్తే గంటకు లీటరు నుంచి రెండు లీటర్ల దాకా పిండగలదు. రాత్రంతా నడిస్తే బకెట్ నీళ్లు. ఆ బకెట్‌ను బయటకు మోసేది బొటనవేలంత లావు పైపు ఒక్కటే. అది ఎక్కడ ఆగినా నీళ్లు గోడ పట్టుకుంటాయి.

ఎక్కువగా జరిగేది ట్రేలో, పైపులో జిగురు పాచి పేరుకోవడం. కాయిల్ తడిగా ఉంటుంది, దుమ్ము అంటుకుంటుంది, ఆ బురద మెల్లగా కిందికి జారి పైపు మూతి మూసేస్తుంది. ఎండాకాలమంతా బాగా నడిచిన ఏసీ సరిగ్గా వానల్లోనే కారడం మొదలుపెట్టడానికి కారణం ఇదే: మేలో గాలిలో నీళ్లు తక్కువ కాబట్టి సగం మూసుకున్న పైపు కూడా నెట్టుకొచ్చింది, జులైలో నీళ్లు పెరిగేసరికి చాల్లేదు.

బిగింపులో లోపాలు కూడా తక్కువేం కాదు. లోపలి యూనిట్ డ్రెయిన్ వైపు కాస్త వాలాలి, అటు తిరగబడి వాలితే ట్రే ఇంకో మూల నుంచి పొంగుతుంది. పైపు మధ్యలో పైకి లేచి మళ్లీ దిగినా, చివర బకెట్ నీళ్లలో మునిగినా గాలి ఇరుక్కుని నీళ్లు ఆగుతాయి. రాగి గొట్టాల మీద చుట్టిన నల్లటి స్పాంజ్ చిరిగితే గొట్టానికే చెమట పట్టి గోడలోకి దిగుతుంది, ఇది డ్రెయిన్ లీకేజీలా కనిపిస్తుంది కానీ పైపు ఎంత కడిగినా ఆగదు. గోడకు వేసిన రంధ్రం బయటివైపు వాలకుండా లోపలికి వాలితే, చుట్టూ సందు పూడ్చకుండా వదిలేస్తే వాన నీళ్లు గొట్టం వెంబడి నేరుగా గదిలోకి వస్తాయి. ఈ చివరిదాన్ని మెకానిక్‌లు, మేస్త్రీలు ఇద్దరూ తమది కాదనుకుంటారు, అందుకే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇక "అన్నా, గ్యాస్ తక్కువైంది" అన్న మాట. దీన్ని వెంటనే నమ్మడమూ తప్పే, కొట్టిపారేయడమూ తప్పే. గ్యాస్ నిజంగా తగ్గితే కాయిల్ మరీ చల్లబడి ఐసు గడుతుంది, ఏసీ ఆపగానే ఆ ఐసు ఒక్కసారిగా కరిగి ట్రే దాటి కారుతుంది. అయితే ఫిల్టర్‌కు దుమ్ము పట్టి గాలి ఆడకపోయినా సరిగ్గా ఇదే జరుగుతుంది. ఏసీ చల్లదనం బాగానే ఉండి, ఐసు జాడ లేకుండా, నడుస్తున్నంతసేపూ చుక్కచుక్కగా కారుతుంటే అనుమానించాల్సింది ముందు డ్రెయిన్‌ని. గ్యాస్ ఏసీలో ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, ఆ చోటు మూయకుండా నింపితే మళ్లీ పోతుంది.

పైపు చివర ఎక్కడ పడుతుందన్నది చాలామంది చూడనే చూడరు. సజ్జ మీద పడి నిలిచిన నీళ్లు సజ్జ, గోడ కలిసే చోట పగుళ్లలోంచి లోపలికి ఇంకుతాయి. మీ ఏసీ నీళ్లు కింది ఫ్లాట్ వాళ్ల పడకగదిలో మచ్చగా తేలుతాయి, వాళ్లు స్లాబ్ లీకేజీ అనుకుంటారు.

ఏసీ నడుస్తూనే గది తడిగా ఎలా ఉంటుంది

ఏసీ తేమ తీస్తుంది కదా, మరి ఏసీ గదిలోనే బూజెందుకు అన్నది చాలా న్యాయమైన ప్రశ్న. ఒక కారణం ఏసీ సైజు. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే చల్లదనం పది నిమిషాల్లో వచ్చేస్తుంది, కంప్రెసర్ ఆగిపోతుంది, కానీ లోపలి ఫ్యాను తిరుగుతూనే కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకి ఊదుతుంది. గది చల్లగా ఉంది, తేమ తగ్గలేదు, అంటే గోడలు చల్లబడ్డాయి కాబట్టి బూజుకు ఇంకా మేలు జరిగింది. "కాస్త పెద్దదే తీసుకుందాం" అన్న ఆలోచన ఈ ఒక్క విషయంలో బెడిసికొడుతుంది.

ఇంకో కారణం 18 మీద పెట్టి పడుకోవడం. కేంద్రం 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని నిబంధన తెచ్చింది. అది కరెంటు ఆదా కోసం తెచ్చిందే అయినా గోడకూ మంచిదే, ఎందుకంటే గోడ ఎంత చల్లబడితే బయటి గాలి దూరగానే అంత ఎక్కువ చెమట. రిమోట్‌లో డ్రై అనే మోడ్ కూడా ఉంటుంది, అందులో ఫ్యాను మెల్లగా తిరిగి చల్లదనం తక్కువ, నీళ్లు పిండడం ఎక్కువగా ఉంటుంది. ముసురు రోజుల్లో దాని విలువ తెలుస్తుంది. మామూలు రోజుల్లో కొందరికి అది చాలినంత చల్లగా అనిపించదు, ఆ ఫిర్యాదూ నిజమే.

కిటికీ తెరవాలా, మూయాలా

ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే సలహా "గాలి ఆడనివ్వండి". అది చలి దేశాల వాళ్లకు అచ్చంగా సరిపోతుంది. అక్కడ బయటి గాలి చల్లగా, పొడిగా ఉంటుంది, తేమ పుట్టేది ఇంటి లోపల. మనకు వానాకాలంలో పరిస్థితి తిరగబడుతుంది, తడి బయట ఉంది, చల్లటి గోడ లోపల ఉంది.

పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గది తీసుకోండి, దాదాపు 41 ఘనమీటర్లు. ఏసీతో 24 డిగ్రీలు, 60 శాతం దగ్గర ఉంచితే అందులో సుమారు 530 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. కిటికీ తెరిస్తే ఆ గాలంతా పోయి పైన చెప్పిన జులై గాలి నిండుతుంది, దాంట్లో 940 గ్రాములు. గది గాలి ఒక్కసారి మారినందుకే 400 మిల్లీలీటర్లకు పైగా నీళ్లు లోపలికి వచ్చాయి, అదీ చల్లటి గోడలున్న గదిలోకి.

అయితే ఓనర్ మాట పూర్తిగా తప్పా అంటే కాదు. ఏసీ లేని గదిలో, గోడలు బయటి వేడితో సమానంగా ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే మేలే జరుగుతుంది, ఎందుకంటే అక్కడ వంట, స్నానం, ఇంట్లో ఆరేసిన బట్టలు, మనుషుల ఊపిరి కలిసి లోపలి గాలిని బయటి గాలి కన్నా తడిగా చేస్తాయి. బాత్రూం, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఏ కాలంలోనైనా మంచివే. ఎండ పొడసూపిన మధ్యాహ్నం వేరు, ముసురు సాయంత్రం వేరు. పగలంతా కిటికీలు తెరిచి రాత్రి ఏసీ వేసే ఇళ్లలో ఏసీ ముందుగా పగటి తేమనంతా పిండాలి, అది పిండేలోపు గోడలు చల్లబడి తడిని లాక్కుంటాయి. నా లెక్కలో ఎక్కువ బూజు కనిపించేది ఇలా సగం సగం నడిచే గదుల్లోనే.

మూడింటినీ విడదీసే గుర్తులు

మచ్చ ఎక్కడుందన్నదే సగం జవాబు. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా బారుగా ఉంటే అది పునాది నెమ్ము లేదా వరద తడి. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, ఆ రోజుల్లోనే వరంగల్ నగరంలో హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలా మునిగిన ఇటుక గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల నెలల తరబడి తడిగానే ఉంటుంది. ఆ మచ్చకు ఏసీని తప్పుపట్టి లాభం లేదు. ఏసీ కింద నిలువు చారగా దిగి, ఏసీ ఆపిన కొన్ని రోజులకు ఆరితే అది ఏసీ నీళ్లే. వాన పడ్డ ఒకటి రెండు రోజులకు పెరిగి, ఏసీ వేసినా వేయకపోయినా ఒకేలా ఉంటే బయటి గోడ పగులో, స్లాబో. చారలు లేకుండా చుక్కలు చుక్కలుగా, మూలల్లో, బీరువా వెనక, పరదా వెనక వస్తే గాలిలోని తేమ.

ఇంకా అనుమానం ఉంటే పాతకాలపు పరీక్ష ఒకటుంది. అరచేయంత అల్యూమినియం రేకును గోడకు నాలుగువైపులా టేపుతో గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. గది వైపు తడి కనిపిస్తే గాలి తేమ, గోడ వైపు తడి ఉంటే గోడలోంచే వస్తోంది. రెండు వైపులా ఉండటమూ మామూలే, లీకేజీతో తడిసిన గోడ ఆవిరి వదిలి గది తేమను కూడా పెంచుతుంది కదా.

తెల్లటి పొడి వేరే సంగతి. గోడ మీద తెల్లగా, రవ్వలా తేలేది చాలాసార్లు బూజు కాదు, ఇటుక, సిమెంటులోని ఉప్పు. నీటి చుక్క వేస్తే కరిగిపోతుంది. అది ఆరోగ్యానికి బూజులాంటిది కాదు, కానీ గోడలో నీళ్లు నడుస్తున్నాయనడానికి గట్టి సాక్ష్యం.

నల్లగా ఉంటే ప్రమాదమా

2021లో కరోనా రెండో దశలో బ్లాక్ ఫంగస్ అన్న మాట మన ఇళ్లలోకి భయంకరంగా వచ్చింది, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి వార్డులు నిండిపోయాయి. అప్పటి నుంచి గోడ మీద నల్ల మచ్చ కనిపిస్తే చాలామందికి అదే గుర్తొస్తుంది. ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్, దానికి కారణమైన శిలీంధ్రాలు వేరు, ముఖ్యంగా షుగర్ అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లు వాడి రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దాని బారిన పడ్డారు. నల్లరంగు చచ్చిపోయిన కండది, ఫంగస్‌ది కాదు.

ఇంగ్లీషు వీడియోల్లో విషపు బూజుగా చెప్పేది ఇంకొకటి, స్టాకీబాట్రిస్. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1990ల్లో పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావానికి దీన్ని ముడిపెట్టారు, ఆ సంబంధం రుజువు కాలేదని 2000లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తేల్చింది. అది పెరగాలంటే కాగితం, జిప్సం బోర్డు లాంటివి చాలాకాలం నానుతూ ఉండాలి, మన సిమెంటు గోడ మీద నల్లగా కనిపించేవి ఎక్కువగా వేరే రకాలే. జిప్సం బోర్డు ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇళ్లలో మాత్రం పైన ఏసీ పైపు కారుతుంటే జాగ్రత్త అవసరం.

భయం ఎక్కువైందని చెప్పినంత మాత్రాన తేలిగ్గా తీసుకోవచ్చని కాదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి చెమ్మ, బూజు మీద మార్గదర్శకాలే విడుదల చేసింది. చెమ్మ ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ముదరడం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. రంగు నలుపా పచ్చా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఏ రకమో తెలుసుకోవడానికి ల్యాబ్ పరీక్షలు కూడా అక్కర్లేదని సీడీసీ మాట. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలో, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లో ఉంటే వాళ్లను ఆ గదిలో పడుకోబెట్టకపోవడం అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సిన విషయం.

బ్లీచింగ్, వాటర్‌ప్రూఫ్ పెయింట్: రెండు వైపుల వాదనలు

బ్లీచింగ్ వేస్తే మచ్చ తెల్లబడుతుంది, అందుకే దానికంత పేరు. టైల్స్, గాజు లాంటి గట్టి ఉపరితలాల మీద పని చేస్తుంది కూడా. గిలాబు గోడలాంటి పీల్చుకునే చోట మాత్రం రంగు పోయినా వేళ్లు లోపల మిగలొచ్చు, పైగా అందులోని నీళ్లు గోడకు ఇంకాస్త తడి ఇస్తాయి. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది కాబట్టి చంపడం కన్నా తీసేయడం ముఖ్యం, గట్టి ఉపరితలానికి సబ్బునీళ్లు, రుద్దుడు, పూర్తిగా ఆరబెట్టడం చాలు. పొడిగా గీకితే స్పోర్లు గదంతా లేస్తాయి, తడిగుడ్డ, ఎన్95 మాస్కు అందుకే. ఒక్క విషయంలో మాత్రం రెండో అభిప్రాయానికి తావు లేదు: బ్లీచింగ్‌ను బాత్రూం యాసిడ్‌తోనో వెనిగర్‌తోనో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

వాటర్‌ప్రూఫ్ పెయింట్ బయటి గోడకు వేస్తే వాన ఆగుతుంది, అది సరైన వాడకం. లోపలి గోడకు వేస్తే లోపల ఇరుక్కున్న తడి బయటకు రాలేక బుడగలుగా ఉబ్బి పెచ్చులూడుతుంది. పాత సున్నం గోడ తడిని వదులుతుంది, పైగా సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి వేసిన కొత్తలో బూజు నిలవదు. కానీ అది చేతికి అంటుతుంది, ఏటా వేయాలి, అద్దె ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు.

అద్దె ఇంట్లో ఖర్చు ఎవరిది

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇప్పటికీ ఈ విషయంలో మాట్లాడుతుంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, మామూలు అరుగుదల మినహా ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో ఉంచడం కిరాయిదారు బాధ్యత. ఓనర్ చేయించాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయించకపోతే కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఈ లెక్కన బయటి గోడ పగులు, స్లాబ్ లీకేజీ ఓనర్ వైపు వస్తాయి, కిరాయిదారు తెచ్చుకున్న ఏసీ పైపు కారితే అది కిరాయిదారు వైపు. గాలి తేమ వల్ల వచ్చే బూజు దగ్గరే గొడవంతా, దానికి చట్టంలో విడిగా గీత లేదు. మచ్చ మొదట కనిపించిన రోజునే ఫొటో తీసి వాట్సాప్‌లో ఓనర్‌కు పంపినవాళ్లకు తర్వాత చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఖర్చు ఎవరు పెట్టినా తొందర మాత్రం పనికిరాదు. సెప్టెంబర్‌లో లీకేజీ ఆపితే తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దసరాకు ముందు రంగులు వేయాలన్న ఆత్రంలో తడి గోడ మీద లప్పం పెట్టించేవాళ్లే ఎక్కువ, మన దగ్గర గాలి పొడిబారేది మాత్రం నవంబర్ దాటాకే. అప్పటిదాకా పెచ్చులు గీకేసి, బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, ఫ్యాను గాలి తగిలేలా గోడను ఉత్తగా వదిలేస్తే డిసెంబర్‌లో వేసిన రంగు నిలుస్తుంది.